ఉదయపు సెషన్‌లో డే ట్రేడింగ్: ఎప్పుడు ప్రవేశించాలి, ఎప్పుడు ఆపాలి

స్టాక్ మార్కెట్ రోజుకు ఆరేడు గంటలు తెరిచి ఉన్నా, ఆ గంటలన్నీ ఒకే బరువు కలిగినవి కావు. తెరుచుకున్న మొదటి గంట గంటన్నరలో లావాదేవీలు పోటెత్తుతాయి, మధ్యాహ్నానికి సద్దుమణుగుతాయి, ముగింపుకు ముందు మళ్లీ ఊపందుకుంటాయి. రోజంతటి వాల్యూమ్‌ను గ్రాఫ్‌గా గీస్తే రెండు చివర్లు ఎత్తుగా, నడుమ పల్లంగా కనిపించే ఈ ఆకారం దాదాపు ప్రతి పెద్ద మార్కెట్‌లోనూ ఉంటుంది. రాత్రంతా పోగైన వార్తలు, విదేశీ మార్కెట్ల కదలికలు, కంపెనీల ఫలితాలు అన్నీ ఒక్కసారిగా ధరలోకి దిగేది ఉదయమే కాబట్టి, ఒకే రోజులో కొని అమ్మేవారికి కావలసిన కదలిక కూడా ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. బ్రెజిల్‌లో 2013 నుంచి 2015 వరకు ఈక్విటీ ఫ్యూచర్స్‌లో (షేర్ల సూచీల మీద ముందస్తు ధరకు కుదుర్చుకునే ఒప్పందాల్లో) డే ట్రేడింగ్ మొదలుపెట్టినవారి ఖాతాలను అక్కడి ఆర్థిక పరిశోధకులు పరిశీలించినప్పుడు, 300 రోజులకు మించి పట్టుదలగా కొనసాగినవారిలో 97 శాతం మంది నష్టపోయినట్టు తేలింది. సమయపాలన ఒక్కటే ఈ లెక్కను తిరగరాయలేదు. కానీ నష్టాల్లో గణనీయమైన భాగం తప్పు వేళలో చేసిన ట్రేడ్ల వల్ల వస్తుందని నా సొంత రికార్డు నాకు నేర్పింది, ఆ భాగాన్ని తగ్గించుకోవడం మన చేతుల్లో ఉన్న పని. అందుకే పోగొట్టుకున్నా ఇల్లు గడవడానికి ఇబ్బంది కలగని డబ్బుతో మాత్రమే ఈ పద్ధతిని ప్రయత్నించండి, మొదటి కొన్ని వారాలు కాగితం మీద రాసుకుంటూ సాధన చేయండి.

ముందు మీ గడియారాన్ని మార్కెట్ గడియారంతో కలపండి

మీరు ట్రేడ్ చేసే ఎక్స్ఛేంజ్ ఏ నిమిషానికి తెరుచుకుంటుందో, తెరుచుకోవడానికి ముందు ఆర్డర్లు ఎప్పటి నుంచి స్వీకరిస్తుందో, మధ్యలో విరామం ఉందో లేదో ఒక కాగితం మీద రాసి తెర పక్కన అతికించుకోండి. న్యూయార్క్ మార్కెట్ స్థానిక సమయం ప్రకారం ఉదయం 9:30కి మొదలై సాయంత్రం 4:00కి ముగుస్తుంది. లండన్ ఉదయం 8:00కి తెరుచుకుంటుంది, అంతకు ముందు 7:50 నుంచి ప్రారంభ వేలం నడుస్తుంది. భారత మార్కెట్లలో 9:00 నుంచి 9:15 వరకు ప్రీ ఓపెన్ సెషన్, ఆ తర్వాత మామూలు ట్రేడింగ్ ఉంటాయి. టోక్యో, హాంకాంగ్‌లలో అయితే ఉదయపు సెషన్ అన్న మాటకు అక్షరాలా అదే అర్థం, ఎందుకంటే అక్కడ భోజన విరామానికి మార్కెట్ నిజంగానే ఆగుతుంది. టోక్యోలో ఉదయపు సెషన్ 9:00 నుంచి 11:30 వరకు, హాంకాంగ్‌లో 9:30 నుంచి 12:00 వరకు నడుస్తుంది. విరామం ఉన్న మార్కెట్‌లో ఉదయం తెరిచిన పొజిషన్‌ను, అంటే కొనో అమ్మో ఇంకా ముగించని ట్రేడ్‌ను, విరామం దాటించడమంటే, మీరు ఏమీ చేయలేని ఒక గంటసేపు ఆ ప్రమాదాన్ని మోయడమే.

వేరే దేశపు మార్కెట్‌లో ట్రేడ్ చేసేవారు వేసవి కాలమానం విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. అమెరికాలో మార్చి రెండవ ఆదివారం గడియారాలను గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. అందువల్ల న్యూయార్క్ ప్రారంభం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ లెక్కలో శీతకాలంలో 14:30, వేసవిలో 13:30 అవుతుంది. బ్రిటన్ అదే మార్పును మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం చేస్తుంది కాబట్టి, ఏటా మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం ఈ రెండు మార్కెట్ల మధ్య తేడా మామూలు కంటే గంట తగ్గుతుంది. ఒక మార్చి సోమవారం నేను తాపీగా చార్టులు తెరిచేసరికి ప్రారంభమై నలభై నిమిషాలు గడిచిపోయింది, ఆలస్యమైందన్న కంగారులో తీసుకున్న ట్రేడ్ ఆ వారమంతటి లాభాన్ని తుడిచిపెట్టింది. ఆనాటి నుంచి ఈ నాలుగు ఆదివారాలూ నా క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో ఉంటాయి.

రోజును నిమిషాలుగా విడగొట్టుకోండి

ఇకపై నేను చెప్పే లెక్కలు మార్కెట్ తెరుచుకున్న క్షణాన్ని సున్నాగా తీసుకుని చెప్పేవి, కాబట్టి ఏ ఎక్స్ఛేంజ్‌కైనా వాటిని సరిపెట్టుకోవచ్చు. మొదటి 15 నిమిషాలు చూడడానికి మాత్రమే. 15వ నిమిషం నుంచి 75వ నిమిషం వరకు కొత్త పొజిషన్ తీసుకోవడానికి అనుమతి. 75 దాటితే కొత్తది తీసుకోవద్దు, ఉన్నదాన్ని నిర్వహించండి. 90వ నిమిషానికి అన్నీ మూసివేయండి. ఈ అంకెలు శిలాశాసనాలేమీ కావు, మీ రికార్డు చెప్పినదాన్ని బట్టి వాటిని సవరించుకోవచ్చు. అయితే ఆ సవరణ మార్కెట్ మూసి ఉన్నప్పుడు, ప్రశాంతంగా కూర్చుని చేయవలసినది. ట్రేడ్ నడుస్తుండగా గడువు పొడిగించుకునేవారికి గడువు లేనట్టే.

తెరుచుకోవడానికి గంట ముందు చేయవలసిన పని

మొదట ఆర్థిక క్యాలెండర్ తెరవండి. అమెరికాలో ద్రవ్యోల్బణం, ఉద్యోగాల గణాంకాలు ఉదయం 8:30కి, అంటే మార్కెట్ తెరుచుకోవడానికి గంట ముందు వెలువడతాయి కాబట్టి, వాటి ప్రభావం చాలావరకు ప్రారంభ ధరలోనే కలిసిపోయి ఉంటుంది. కానీ తయారీ రంగం, సేవల రంగం పరిస్థితిని చెప్పే ఐఎస్ఎం సూచీలు 10:00కి వస్తాయి. అది సరిగ్గా మనం ప్రవేశించాలనుకునే వ్యవధి నడుమ, 30వ నిమిషం. అటువంటి ప్రకటన ఉన్న రోజున దానికి ఐదు నిమిషాల ముందు కొత్త ట్రేడ్ తీసుకోకండి, వెలువడిన తర్వాత కనీసం ఒక ఐదు నిమిషాల క్యాండిల్ (చార్ట్ మీద ఆ ఐదు నిమిషాల ధరల కదలికను చూపే గుర్తు) పూర్తయ్యేదాకా ఆగండి. ప్రకటన వచ్చిన క్షణంలో కొనేవారు ఇస్తామనే బిడ్ ధరకూ అమ్మేవారు అడిగే ఆస్క్ ధరకూ మధ్య దూరం, అంటే స్ప్రెడ్, అమాంతం పెరుగుతుంది, మీరు పెట్టిన స్టాప్‌లాస్ (ధర ఎదురు తిరిగి ఒక హద్దు దాటితే ట్రేడ్‌ను ముగించే ఆర్డరు) అమలయ్యే ధర మీరు రాసుకున్న ధరకు ఎంతో దూరంగా ఉండవచ్చు.

తర్వాత నాలుగైదు షేర్లను మించని వాచ్‌లిస్ట్ తయారు చేసుకోండి. ఫలితాలో, ఏదైనా నిర్దిష్టమైన వార్తో వెలువడి, ప్రారంభానికి ముందే మామూలు కంటే ఎక్కువ చేతులు మారుతున్న షేర్లకు ప్రాధాన్యం ఇవ్వండి. వార్త లేకుండా ఎగిసిన షేరు ఎందుకు ఎగిసిందో మీకు తెలియదు, ఎందుకు పడుతుందో కూడా తెలియదు. ప్రతి షేరు పక్కనా నాలుగు అంకెలు రాయండి: నిన్నటి ముగింపు, నిన్నటి గరిష్ఠం, నిన్నటి కనిష్ఠం, 14 రోజుల ఏటీఆర్. ఏటీఆర్ అంటే రాత్రి పూట పడిన గ్యాప్‌ను (నిన్నటి ముగింపుకూ నేటి ప్రారంభానికీ మధ్య తేడాను) కూడా కలుపుకుని ఆ షేరు సగటున రోజుకు ఎంత కదులుతుందో చెప్పే కొలత. మిగిలిన ఇండికేటర్లు ఎన్ని ఉన్నా, ఉదయపు ట్రేడర్‌కు ఇంతకంటే ఉపయోగపడేది లేదన్నది నా అభిప్రాయం, ఎందుకంటే ఈరోజు ప్రయాణంలో ఎంత దూరం అయిపోయింది, ఎంత మిగిలింది అన్న ప్రశ్నకు అది ఒక్కటే నేరుగా జవాబిస్తుంది.

ప్రారంభ వేలాన్ని చదవండి, అందులో పాల్గొనకండి

చాలా ఎక్స్ఛేంజ్‌లలో మొదటి ధర వేలం ద్వారా నిర్ణయమవుతుంది. కొనేవారి ఆర్డర్లను, అమ్మేవారి ఆర్డర్లను కొంతసేపు పోగుచేసి, ఏ ధర దగ్గర అత్యధిక పరిమాణం చేతులు మారుతుందో ఆ ధరను ప్రారంభ ధరగా ప్రకటిస్తారు. వేలం సాగుతున్నంతసేపూ తెర మీద కనిపించేది అంచనా ధర మాత్రమే, చివరి నిమిషంలో పెద్ద ఆర్డరు ఒకటి వచ్చినా, రద్దయినా అది మారిపోతుంది. మీకు అక్కడ కావలసింది రెండే విషయాలు: ధర నిన్నటి ముగింపుకు ఎంత దూరంలో స్థిరపడుతోంది, ఎంత పరిమాణంతో స్థిరపడుతోంది. రాత్రి పెట్టి ఉంచిన మార్కెట్ ఆర్డరుతో, అంటే ఎంత ధరైనా సరే అన్న ఆర్డరుతో, వేలంలోకి వెళ్లడమంటే ధరను పూర్తిగా ఎదుటివారి నిర్ణయానికి వదిలేయడమే కాబట్టి, ఆ అలవాటు ఉంటే ఈరోజే మానుకోండి.

మొదటి పదిహేను నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి

ఈ మెట్టు చెప్పడానికి సులువు, పాటించడానికి అన్నిటికంటే కష్టం. తెరుచుకున్న వెంటనే ధరను కదిలించేవారిలో ఎక్కువమంది ఏదో ఒక తప్పనిసరితో వచ్చినవారు: రాత్రి ఆర్డరు పెట్టి నిద్రపోయిన మదుపరులు, నిన్నటి నుంచి పట్టుకుని ఉన్న పొజిషన్ల స్టాప్‌లాస్‌లు, ప్రారంభ ధరకే కొని తీరాలన్న ఆదేశం ఉన్న ఫండ్లు. వారి కొనుగోళ్లకూ అమ్మకాలకూ ఆ షేరు మీద ఈరోజు ఏర్పడబోయే అభిప్రాయంతో సంబంధం తక్కువ. అదే సమయంలో కొనడానికీ అమ్మడానికీ ఎప్పుడూ ధరలు ఇచ్చే మార్కెట్ మేకర్లకు సరైన ధర ఎంతో ఇంకా తెలియదు కాబట్టి స్ప్రెడ్లు రోజు మొత్తంలో అతి వెడల్పుగా ఉంటాయి, అర గంట గడిచేసరికి బాగా కుదించుకుపోతాయి. 2వ నిమిషంలో కొన్నవారు, 25వ నిమిషంలో కొన్నవారు ఒకే దిశలో సరిగ్గా ఊహించినా, ప్రవేశానికి చెల్లించిన ఖరీదు మాత్రం ఒకటి కాదు.

ప్రారంభ నిమిషాల్లో ఏమి జరగగలదో తెలుసుకోవడానికి 2015 ఆగస్టు 24 ఉదయాన్ని గుర్తు చేసుకోవడం మంచిది. ఆ సోమవారం న్యూయార్క్‌లో మార్కెట్ తెరుచుకున్న కొద్ది నిమిషాలకే డౌ జోన్స్ సూచీ 1,000 పాయింట్లకు పైగా పడిపోయింది. ఆనాడు విడివిడి షేర్లలో, ఈటీఎఫ్‌లలో (షేర్ల బుట్టను ఒకే షేరులా కొనుక్కునే ఫండ్లలో) కలిపి ట్రేడింగ్ 1,200 కంటే ఎక్కువసార్లు ఆగింది. అనేక ఈటీఎఫ్‌ల ధరలు వాటిలోని షేర్ల విలువ కంటే ఎంతో కిందికి జారి, కాసేపటికే తిరిగి పైకి వచ్చాయి. ఆ మధ్యలో స్టాప్‌లాస్ తగిలి మార్కెట్ ఆర్డరుగా మారిన అమ్మకాలు అట్టడుగు ధరలకు అమలైపోయాయి, అమ్మినవారు చూస్తుండగానే ధర తిరిగి లేచింది. ఆ తర్వాత, 2016 ఫిబ్రవరి 26 నుంచి, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ స్టాప్ ఆర్డర్లను స్వీకరించడమే మానేసింది. అప్పటి నుంచి వాటిని బ్రోకర్లు తమ వ్యవస్థల్లో ఉంచి నడిపిస్తున్నారు. 2020 మార్చిలో అమెరికా మార్కెట్ మొత్తం నాలుగుసార్లు సర్క్యూట్ బ్రేకర్‌తో ఆగినప్పుడు, అందులో మూడు, అంటే 9, 12, 16 తేదీలవి, తెరుచుకున్న మొదటి ఐదారు నిమిషాల్లోనే జరిగాయి. సూచీ 7 శాతం పడితే పదిహేను నిమిషాలు ఆగాలన్న నియమం వల్ల, అప్పటికే కొని ఉన్నవారు అమ్ముకునే వీలు లేకుండా వేచి ఉండవలసి వచ్చింది.

కాబట్టి ఈ పదిహేను నిమిషాల్లో మీ పని కాగితం మీదే. ప్రతి షేరుకూ మొదటి పదిహేను నిమిషాల గరిష్ఠాన్ని, కనిష్ఠాన్ని, వాటి మధ్య బిందువును రాయండి. దీన్నే ట్రేడర్లు ఓపెనింగ్ రేంజ్ అంటారు. దానితో పాటు వీవాప్ గీతను, అంటే ఆ రోజు చేతులు మారిన పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్న సగటు ధరను, చార్ట్ మీద ఉంచండి. ధర వీవాప్‌కు పైన నిలకడగా ఉందంటే ఈరోజు కొన్నవారు సగటున లాభంలో ఉన్నారని అర్థం. కింద ఉందంటే నష్టంలో ఉన్నారని, ధర కొంచెం పెరిగితే బయటపడడానికి వారు ఎదురుచూస్తుంటారని అర్థం. రేంజ్ ఇప్పటికే ఏటీఆర్‌లో ముప్పావు వంతు మింగేసి ఉంటే, ఆ షేరును జాబితా నుంచి కొట్టివేయండి. మీరు ఎక్కేసరికి బండి చివరి స్టేషన్ దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

పదిహేను నుంచి డెబ్బై అయిదు వరకు: ప్రవేశం

ఇక్కడ ఒక ఉదాహరణను నిమిషం నిమిషం వెంట నడిచి చూడడం ఉత్తమం. అంకెలు నేను వివరణ కోసం తీసుకున్నవి, కరెన్సీ ఏదైనా అనుకోండి. ఒక షేరు నిన్న 400 దగ్గర ముగిసింది, ఏటీఆర్ 20. రాత్రి మంచి ఫలితాలు వచ్చాయి, ఉదయం 406 దగ్గర తెరుచుకుంది. మొదటి పదిహేను నిమిషాల్లో గరిష్ఠం 411.20, కనిష్ఠం 405.10, మధ్య బిందువు 408.15. నిన్నటి ముగింపు నుంచి లెక్కిస్తే 20లో 11.20 ఇప్పటికే అయిపోయింది, 420 వరకు చోటు మిగిలింది.

15 నుంచి 20వ నిమిషం వరకు నడిచిన క్యాండిల్ 411.60ని తాకింది కానీ 410.70 దగ్గర ముగిసింది. గరిష్ఠం దాటిన క్షణంలోనే కొన్నవారు ఇప్పటికే నష్టంలో ఉన్నారు. ధర రేంజ్‌ను దాటడం వేరు, దాటి అవతల ముగియడం వేరు. ఈ తేడాను గమనించడానికి అయిదు నిమిషాల ఓపిక తప్ప మరే పరికరమూ అక్కరలేదు. 20 నుంచి 25 మధ్య ధర 409.20 వరకు దిగింది, కానీ వాల్యూమ్ పలచబడింది, వీవాప్ అప్పటికి 409.00 దగ్గర ఉంది, ధర దాన్ని తాకకుండానే తిరిగి 410.40కి వచ్చింది. ఇది చూడముచ్చటైన వెనకడుగు: అమ్మేవారు వచ్చారు, కానీ జోరుగా రాలేదు. 25 నుంచి 30 వరకు నడిచిన క్యాండిల్, ముందటి రెండిటి కంటే పెద్ద వాల్యూమ్‌తో, 411.90 దగ్గర ముగిసింది. ఇప్పుడు 412.00కి లిమిట్ ఆర్డరు, అంటే అంతకు మించి చెల్లించనన్న ఆర్డరు, పెట్టండి. మార్కెట్ ఆర్డరు వద్దు. 412.00కి దొరకకుండా ధర పైకి పారిపోతే పారిపోనివ్వండి, వెంటపడి 413.50కి కొన్న షేరుకు మీరు వేసుకున్న లెక్కలేవీ వర్తించవు.

స్టాప్‌లాస్ ఎక్కడ? మీరు ఊహించింది తప్పని ఏ ధర దగ్గర రుజువవుతుందో అక్కడ. ఈ ఉదాహరణలో వెనకడుగు కనిష్ఠం 409.20, వీవాప్ 409.00, ఈ రెండిటికీ కింద 408.60. అంటే షేరుకు 3.40 ప్రమాదం. దీనికి బ్రోకరేజి, పన్నులు, స్లిప్పేజీ (అనుకున్న ధరకూ అమలైన ధరకూ మధ్య తేడా) కలిపి 0.60 అనుకుంటే 4.00. మీ ఖాతాలో 2,00,000 ఉండి, ఒక ట్రేడ్‌లో అర శాతానికి, అంటే 1,000కి మించి పోగొట్టుకోకూడదని నియమం పెట్టుకుంటే, 1,000ని 4తో భాగించగా 250 షేర్లు. ముందు స్టాప్‌లాస్, తర్వాత పరిమాణం, ఈ క్రమం తిరగబడకూడదు. ఎన్ని షేర్లు కొనాలో ముందే తేల్చుకుని దానికి తగ్గట్టు స్టాప్‌లాస్‌ను దగ్గరికి లాగేవారు, ఉదయపు మామూలు ఊగిసలాటకే బయటికి నెట్టబడతారు. ఇక మిగిలిన చోటు 420 వరకు 8.00, ఖర్చులు పోను 7.40. నాలుగుకు ఎదురుగా ఏడున్నరకు దగ్గర, అంటే పందెం తీసుకోదగినదే. ఈ నిష్పత్తి ఒకటిన్నర కంటే తక్కువైతే చార్ట్ ఎంత అందంగా ఉన్నా నేను వదిలేస్తాను.

గ్యాప్‌తో కిందికి తెరుచుకున్న షేరును షార్ట్ చేసేటప్పుడు, అంటే ధర పడుతుందని ముందు అమ్మి తర్వాత కొనేటప్పుడు, ఇదే పద్ధతి తలకిందులుగా వర్తిస్తుంది, అయితే పడే ధర లేచే ధర కంటే వేగంగా కదులుతుంది కాబట్టి స్లిప్పేజీ కోసం ఇంకొంచెం ఎక్కువ వదులుకోండి. షార్ట్ చేయడానికి మీ దేశపు నియమాలు, మీ బ్రోకరు షరతులు ఏమి చెబుతున్నాయో ముందుగా చదవండి.

ట్రేడ్‌లో ఉన్నప్పుడు గడియారమే రెండవ స్టాప్‌లాస్

ధర ఆధారంగా పెట్టుకునే స్టాప్‌లాస్ అందరికీ తెలుసు. సమయం ఆధారంగా పెట్టుకునేది చాలామందికి అలవాటు లేదు, నాకు ఈ రెండవదే ఎక్కువ డబ్బు మిగిల్చింది. ఉదయపు ట్రేడ్ తీసుకోవడానికి మీ కారణం ఏమిటి? ఈ వేళలో వాల్యూమ్ ఉంది, కదలిక ఉంది, కాబట్టి ధర త్వరగా వెళ్తుంది అన్నదే కదా. ఇరవై నిమిషాలు గడిచినా ధర మీరు కొన్నచోటే తచ్చాడుతుంటే ఆ కారణం చెల్లిపోయినట్టే, స్టాప్‌లాస్ తగలకపోయినా సరే. అప్పుడు బయటికి రండి. చిన్న నష్టమో, చిన్న లాభమో, ఏదీ కాకుండానో బయటపడతారు, మధ్యాహ్నపు నిస్తేజంలో మెల్లగా పెరిగిపోయే నష్టం తప్పుతుంది.

మన ఉదాహరణలో 40వ నిమిషానికి ధర 414.80, అంటే కారణం ఇంకా బతికే ఉంది. 55వ నిమిషానికి 415.50 దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. ధర మీ వైపు మొదటి ప్రమాదమంత, అంటే 3.40, కదిలి 415.40 దాటింది కాబట్టి ఇప్పుడు స్టాప్‌లాస్‌ను 412.60కి, ఖర్చులు కలుపుకుని నష్టం లేని చోటికి, జరపండి. దానికంటే ముందే జరిపితే మామూలు వెనకడుగే మిమ్మల్ని బయటికి తోసేస్తుంది. 75వ నిమిషంలో ధర 418.10. ఇక్కడ మరో 250 కొనాలన్న ఆశ పుడుతుంది. కొత్త ప్రవేశాల గడువు ముగిసింది కాబట్టి ఆ ప్రశ్నకు తావే లేదు. 90వ నిమిషానికి ధర 417.30, టార్గెట్ అయిన 420 తగలలేదు. అయినా అమ్మేయండి. షేరుకు 5.30, ఖర్చులు పోను 4.70, మొత్తం 1,175.

అమ్మిన తర్వాత ఆ షేరు 425కి వెళ్లవచ్చు. వెళ్లిన రోజులు నాకు చాలా గుర్తున్నాయి, వెళ్లకుండా 410కి తిరిగి వచ్చిన రోజులు అంతగా గుర్తుండవు, ఎందుకంటే అవి నాకు నొప్పి కలిగించలేదు. జ్ఞాపకాన్ని నమ్మకుండా రికార్డును నమ్మవలసిన కారణం ఇదే. ఒకవేళ సగం పరిమాణాన్ని ట్రెండ్ కోసం ఉంచుకోవాలని మీరు నిర్ణయించుకుంటే, అది మరో పద్ధతి, దానికి వేరే నియమాలు, వేరే ఖాతా పుస్తకం పెట్టుకోండి. ఉదయపు ట్రేడ్‌ను నష్టంలో ఉందన్న కారణంతో మధ్యాహ్నపు ట్రేడ్‌గా, ఆ తర్వాత రేపటి ట్రేడ్‌గా మార్చుకుంటూ పోకండి.

రోజుకు ఎన్ని ట్రేడ్లు, ఎంత నష్టం

ఒక ఉదయానికి రెండు, మహా అయితే మూడు. వరసగా రెండు స్టాప్‌లాస్‌లు తగిలితే ఆ రోజుకు తెర ఆపేయండి. అరవై నిమిషాల ప్రవేశ వ్యవధిలో నాలుగో ట్రేడ్‌కు చోటు దొరికిందంటే, ముందటి మూడిటికీ ఇవ్వవలసిన సమయం ఇవ్వలేదని అర్థం. బ్రోకరు వేదికలో రోజువారీ నష్ట పరిమితి పెట్టుకునే సదుపాయం ఉంటే దాన్ని వాడండి, మన నిగ్రహం కంటే యంత్రపు నిరాకరణ గట్టిది.

వదిలేయవలసిన ఉదయాలు

కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్ల నిర్ణయం వెలువడే రోజున మార్కెట్ చాలాసార్లు ఉదయమంతా ఎటూ తేల్చుకోకుండా కాచుకుని ఉంటుంది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ నిర్ణయం మధ్యాహ్నం 2:00కి వస్తుంది కాబట్టి ఆనాటి ఉదయపు బ్రేకౌట్‌లు (రేంజ్ దాటి వెళ్లే కదలికలు) తరచుగా తుస్సుమంటాయి. సెలవుకు ముందు రోజు, సగం రోజే నడిచే సెషన్, మీరు నిద్ర చాలక లేచిన రోజు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేని రోజు కూడా ఇదే కోవలోకి వస్తాయి. మొదటి పదిహేను నిమిషాల వాల్యూమ్ గత పది రోజుల అదే వ్యవధి సగటు కంటే బాగా తక్కువగా ఉంటే, మీ షేరులో ఈరోజు ఎవరికీ ఆసక్తి లేదని తెలుసుకుని చార్ట్ మూసేయండి.

సాంకేతిక లోపం వచ్చే రోజులూ ఉంటాయి. 2023 జనవరి 24న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో వందలాది షేర్లకు ప్రారంభ వేలమే జరగలేదు, పేరున్న కంపెనీల షేర్లు సైతం నిమిషాల్లో విపరీతంగా ఊగిపోయాయి, ఆ తర్వాత అనేక ట్రేడ్లను రద్దు చేయవలసి వచ్చింది. ప్రారంభ ధర అర్థం లేనిదిగా కనిపించినప్పుడు అది అవకాశమని పరుగెత్తకండి, ఎక్స్ఛేంజ్ ప్రకటన వచ్చేదాకా ఆగండి. మీరు లాభంలో అమ్మిన ట్రేడ్ రద్దై, దానికి ఎదురుగా తీసుకున్నది మాత్రం మిగిలిపోతే, కోరుకోని పొజిషన్ మీ నెత్తిన పడుతుంది.

మార్కెట్ మూసిన తర్వాత నోట్‌బుక్ తెరవండి

ప్రతి ట్రేడ్‌కూ ప్రవేశించిన నిమిషం, బయటికి వచ్చిన నిమిషం, అనుకున్న ధర, అమలైన ధర, అనుకున్న ప్రమాదంతో పోల్చితే వచ్చిన ఫలితం ఎన్ని రెట్లు, ఈ అయిదూ రాయండి. పైన చెప్పిన ట్రేడ్‌లో ప్రమాదం 1,000, లాభం 1,175 కాబట్టి ఫలితం 1.175 రెట్లు అని రాస్తారు. ఇలా కనీసం 60 ట్రేడ్లు పోగయ్యాక వాటిని ప్రవేశించిన నిమిషాన్ని బట్టి పదిహేను నిమిషాల గుంపులుగా విడదీయండి: 15 నుంచి 30, 30 నుంచి 45, 45 నుంచి 60, 60 నుంచి 75. ఒక్కో గుంపుకు మొత్తం ఎన్ని రెట్లు వచ్చిందో కూడండి.

నేను మొదటిసారి ఇలా విడదీసినప్పుడు, నాకు ఎంతో ఇష్టమైన తొలి గుంపు నష్టంలోనూ, విసుగుగా అనిపించే 30 నుంచి 60 వరకు ఉన్న రెండు గుంపులు లాభంలోనూ కనిపించాయి. మీ షేర్లకు, మీ మార్కెట్‌కు, మీ స్వభావానికి ఆ అంకెలు వేరుగా రావచ్చు. ఏ గుంపు అయితే స్పష్టంగా నష్టాన్ని చూపిస్తుందో, ఆ పదిహేను నిమిషాలను వచ్చే నెల అంతా ప్రవేశానికి మూసివేసి, మిగిలిన నియమాలేవీ మార్చకుండా మళ్లీ లెక్కించండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అనుకున్న ధరకు, అమలైన ధరకు మధ్య తేడాను కూడా గుంపుల వారీగా కూడి చూడండి. ఆ మొత్తం మీరు ముందుగా అనుకున్న స్లిప్పేజీ కంటే ఎక్కువగా ఉంటే, ఉదాహరణలో 0.60గా వేసుకున్న ఆ అంకెను నిజానికి దగ్గరగా పెంచి, రేపటి ఉదయం నుంచి షేర్ల పరిమాణాన్ని ఆ మేరకు తగ్గించి పెట్టండి.